పేడ మీదికి నెట్టిన నేరం

మంగళారం, రాత్రి

ఇయ్యాల హైకోర్టుల, మేం కేసు ఏసిన ఫ్యాక్టరీ వకీలు లేచి, "మూసీని ఖరాబ్ చేసేది మేం కాదు, పురానాపూల్ డెయిరీల బర్రె పేడ" అన్నడు. మా మామ కాలం సంది బర్లను సాకుతున్నం. మా పేడతోని ఎవ్వరి బోరు నీళ్లన్న పచ్చగైనయా? ఆళ్లు ఇనుప సామాన్లకు పాలిష్ వెట్టి, యాసిడ్ నీళ్లు మా గోడెనక నాలాల ఇడుస్తున్నరు. అవి ఇంకి మా బోరు నీళ్లు పచ్చగైనయి. ఆ నీళ్లు తాగే మా గౌరి బర్రె సచ్చింది.

జడ్జి సారు మాత్రం పొల్యూషన్ బోర్డోళ్లను, ఏ దినం వస్తరో ఫ్యాక్టరీకి చెప్పకుండ పోయి నీళ్లు పరీక్ష చేయుమన్నడు. జర పానం నిమ్మలమైంది.

పొద్దుమీకి సలీం భాయ్ ఇంటికొచ్చిండు. నాతోని కలిసి కేసు ఏసింది ఆయనే. చాయ్ ముట్టకుండనే, "చెల్లె, కేసుల నా పేరు తీపిచ్చుకుంట" అన్నడు. ఆయన కొడుకు ఆ ఫ్యాక్టరీలనే పని చేస్తడు. మీ బాపు కేసు నడిపిస్తే నువ్వు పనికి రావద్దని ఫ్యాక్టరీ సేటు పిల్లగానికి చెప్పిండంట.

"ఆ యాసిడ్ పొగకు పిల్లగాడు దగ్గుతుండు గద భాయ్."

"దగ్గుతుండు. ఇంట్ల పొయ్యి గూడ ఆని జీతంతోనే ఎలుగుతుంది."

ఆయన మీద కోపం చేద్దామంటే మనసు రాలె. కొడుకు కూడు అడ్డం వెట్టి తండ్రి నోరు మూసెటోడు ఏం మనిషి?

"తీపిచ్చుకో భాయ్, గని మా ఇంటికొచ్చుడు బంద్ చేయకు" అన్న.

రేపు మా వకీలు తానకు పోవాలె. ఒక్క పేరుతోని కేసు నిలుస్తదో లేదో తెల్వదు. నిలుస్తదంటే ఆ పేరు నాదే.