బజర్ విన్న ఎలుక

బుజ్జమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. నీతో ఎలుకల ల్యాబులో పనిచేసిన సుమతి ఈ రోజు ఏర్పేడు నుంచి వచ్చింది. మీ పని గురించి అడిగాను.

"బజర్ మోగించి చిన్న షాక్ ఇస్తామమ్మా. తర్వాత ఉత్త బజర్ విన్నా ఎలుక బిగుసుకుపోతాది. మెదడులో కబుర్లు అందుకునే రిసెప్టర్లని ఉండాయి. మందుతో వాటిని ఆపితే ఎలుకకు ఆ భయం గుర్తుండదు," అంది.

అప్పుడే సందులో స్కూటీ హారన్ మోగింది. నువ్వే అనుకుని గేటు తీయడానికి లేచాను. రోజూ ఇంతే.

"ఆ మందు మనుషులకుంటే ఈమెకు తెచ్చియ్యి పాపా," అన్నాడు మీ నాయన.

నాకొద్దు. గేటు దాకా నడిచే ఆ కాసేపే నువ్వు బతికి ఉంటావు.

అక్కడ వేళకు కడుపునిండా తినమ్మా.