నా ఇంటికో సుత్తి

నవంబర్ 9, ఆదివారం

ఉప్పుగూడలో కొత్త పోర్షన్. వారం దాటినా బట్టలు సూట్‌కేస్‌లోనే, గిన్నెలు నేల మీదే. నిఖిలేష్‌తో ఇక కాపురం చేయనని చెప్పి వచ్చేశాను. ఓనర్ విమలాదేవి గారు మాత్రం నమ్మడం లేదు. వంటింటి గోడకు గిన్నెల స్టాండ్ తగిలించుకుంటానంటే, "నాలుగు దినాలైతే మీ ఆయన వచ్చి తోల్కపోతడు. గోడకు బొక్కలెందుకు బిడ్డా?" అన్నారు.

వద్దని మాత్రం అనలేదు.

నవంబర్ 11

చపాతీ కర్రతో మేకు కొట్టాను. మేకు వంగింది. కర్ర చీలింది. రాత్రికి అన్నమే.

నవంబర్ 12

ఆన్‌లైన్‌లో టూల్‌కిట్ చూశాను. పింక్ పిడి, బుజ్జి సుత్తి. ముచ్చటగా ఉంది. పక్కింటి ఖుద్సియా ఆపాకు చూపిస్తే, "గిది బాదాములు కొట్టేతందుకు మంచిగుంటది" అని పడీపడీ నవ్వింది. హతోడా, అంటే సుత్తి, చేత్ల పట్టి చూస్కోవాలె, ఫోన్ల కాదంది. ఆదివారం తనూ వస్తానంది.

నవంబర్ 16, ఆదివారం, మధ్యాహ్నం

స్టేషన్ రోడ్డులో పురుషోత్తం గారి ఇనుప సామాన్ల దుకాణం. ఆయన ముందు చిన్నది తీసి, లేడీస్‌కు ఇది చాలన్నారు. అక్కడున్న చెక్క మీద నాలుగు దెబ్బలేసినా మేకు కదల్లేదు. పెద్దది అడిగాను. రెండు దెబ్బలకే మణికట్టు పట్టేసింది. ఇనుప పిడిదైతే కొట్టిన ప్రతిసారీ మోచేతి దాకా జివ్వుమంది. చివరికి చెక్క పిడిది. తల అరకిలోకి కాస్త తక్కువ, వెనక మేకులు పీకడానికి చీలిక. పిడి చివర పట్టుకుని ఎత్తితే చాలు, బరువు దానంతటదే దిగింది. తల ఊగుతోందేమోనని లాగి చూశాను. గట్టిగా ఉంది. మేకు దిగింది, మళ్లీ పీకితే వచ్చింది కూడా!

ఇంట్లో మగవాళ్లు లేరా అని పురుషోత్తం గారు అడిగారు. ఆపా అందుకుంది: "ఇల్లు ఆమెది, మేకు ఆమెది. నీకేం ఫికర్ భాయ్?"

ఆయన నవ్వేసి, గుప్పెడు మేకులు ఊరికే పొట్లం కట్టిచ్చారు.

అదే రోజు, సాయంత్రం 5

బొటనవేలు!!

నవంబర్ 17

మూడు మేకులు వంకరపోయాయి. పీకేసి మళ్లీ కొట్టాను. స్టాండ్ ఎక్కింది. గిన్నెలెక్కాయి. అదే ఊపులో సూట్‌కేస్ కూడా ఖాళీ చేశాను.

నవంబర్ 19

నిఖిలేష్ వచ్చాడు. విమలాదేవి గారే ఫోన్ చేశారట. కూర్చోకుండానే, బ్యాగు సర్దుకో, పోదాం అన్నాడు. వంటింట్లోకి తీసుకెళ్లాను. స్టాండ్ వైపు చూశాడు. పట్టుకుని ఊపాడు. గ్లాసులు గలగలమన్నాయి, స్టాండ్ కదల్లేదు. ఎవరు కొట్టారని అడిగాడు.

"నేనే. నేను రాను, నిఖిలేష్."

టీ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి స్టాండ్‌లో పెట్టి వెళ్లిపోయాడు. కొంచెం ఏడ్చాను. తర్వాత బాగా ఆకలేసింది.

మెట్ల దగ్గర విమలాదేవి గారు ఆపారు. "అయితే ఉంటవన్నట్టే" అన్నారు. ఉంటానన్నాను. "హాల్ల గోడ గట్టిది బిడ్డా. జర జోరుగ కొట్టు" అన్నారు.

నవంబర్ 23, ఆదివారం

ఈరోజు మేకులతో పనేమీ లేదు. అయినా రెండు కొట్టాను.