మాసికానికి పెట్టే రికార్డు

ఒర్లియంపేట, పాండిచ్చేరి
1978

రామభద్రరావు బావగారికి,

మాసికానికి మీరొచ్చేసరికి ఆ రికార్డు ఇంట్లో ఉండకూడదని రాశారు. ఉంటుంది.

అది దయ్యాల పాటంటే కాదనను. మాటల్లేవు, తాళం లేదు. ఇనుము ఈడ్చినట్టు ఏదో చప్పుడు, దానిమీద ఒక ఆడమనిషి గొంతు చించుకుని అరుస్తుంది. మీ తమ్ముడికి ఫ్రెంచి నేర్పిన మాస్టారు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఇచ్చిపోయారు. మా ఆయన రోజూ అదే వింటుంటే నేనూ విసుక్కునేదాన్ని.

ఆయన పోయిన రోజు, ఆఫీసరు భార్యవి, వీధిలోకి వినపడేలా ఏడవకని మీరే అన్నారు. ఏడవలేదు. దినాలయ్యి మీరంతా యానాం వెళ్ళాక ఆ రికార్డు పెట్టాను. చావింట్లో ఆడవాళ్ళు పాడే ఒప్పారి అనుకుని, పక్కింటి అమృతవల్లి జుట్టు విప్పుకుని పరిగెత్తుకొచ్చింది. తిరుగుతున్న రికార్డుని చూసింది. అయినా వెనక్కి పోలేదు. నన్ను పట్టుకుని గుండెలు బాదుకుంది. అప్పుడు ఏడ్చాను, వీధంతా వినేలా.

మాసికానికి తప్పకుండా రండి. భోజనాలయ్యాక అది పెడతాను. అమృతవల్లిని కూడా పిలిచాను. మీ తమ్ముడి కోసం మీరూ ఇంతవరకు ఏడవలేదు.

మీ మరదలు