జొన్నచేన్ల కట్టిన డిస్కు

డాక్టరమ్మకు దండాలు.

నేను మేళ్లచెరువు యాదలక్ష్మి పెనిమిటిని. ఫోన్ల చెప్పనీకి నోరు రాక రాస్తున్న.

తల బొక్క, అదే పుర్రె, మెదడును చూసే మిషను సప్పుడును వంకర తిప్పుతదని, దాని మందం తెలిస్తే కంప్యూటరు మెదడు బొమ్మను సక్కజేస్తదని, ఆమె పాత సీటీ డిస్కు తెమ్మన్నరు గదా. నేను తప్పు డిస్కు ఇచ్చిన.

పోయినేడు బండి మీదికెల్లి పడితే ఇద్దరికీ సీటీ తీసిన్రు. ఆరోగ్య కార్డు నాదని రెండిటి మీదా నా పేరే రాసిన్రు. ఇంటికొచ్చినంక రెండూ పిట్టలు బెదరాలని జొన్నచేన్ల కట్టిన. మీరడిగితే ఒకటి ఇప్పి, తుడిచి తెచ్చిన. నిన్న మా బామ్మర్ది పరమేష్ రెండోది కంప్యూటర్ల ఏసి చూస్తే అండ్ల ముక్కుపుల్ల కనవడ్డది. నేనైతే ముక్కుపుల్ల పెట్టుకోను.

అంటే నా తల కొలతతోని ఆమె మెదడును సక్కజేసిన్రు. ముప్పయేండ్లసంది నేనూ గట్లనే ఆమెను అర్థం జేసుకోవాలని చూస్తున్న. నాకూ బొమ్మ సక్కగ రాలే.

ఆ బొమ్మ చూసే, మంగళవారం ఆమె తలల గడ్డ తీస్తమన్నరు. జర ఆగుండ్రి. అసలు డిస్కు పరమేష్ తెస్తుండు, మళ్ల చూడుండ్రి. రెండేండ్లు దవాఖానలు తిరిగి అలిసిపోయినం, ఇంకో వారం ఓర్సుకుంటం.

ఆమె అప్పుడే జుట్టు తీయించుకొని కూసున్నది. డిస్కు సంగతి ఆమెకింకా చెప్పలే. బాగుజేసి ఇంటికి పంపుండ్రి, అప్పుడు చెప్త. ఎంతసేపు తిట్టినా కూసోని వింట.