మొదటి గరిటె

కాలవపేట,
ఫిబ్రవరి 10, 2027.

వినీలక్కకు, హాస్టల్లో నీ పక్క మంచం సుమయ్య రాసుకునేది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే సగం చెప్పగానే నువ్వు ఓదార్చడం మొదలుపెడతావు. నాకు ఓదార్పు వద్దు. మొత్తం చదువు, చాలు.

ఈ నెల ఇరవైకి మా పేటకు నూట యాభై ఏళ్లు నిండుతాయి. 1877 నాటి ధాత కరువులో కాలవ తవ్వే కూలీలకు ఒక రాగి గంగాళంలో గంజి కాచి పోశారు. ఆ చోటే కూలీలు గుడిసెలు వేసుకుని ఉండిపోతే పేట అయింది. గంగాళం ఇప్పటికీ నరేంద్రబాబు గారింట్లోనే ఉంది. గంజి పోయించింది వాళ్ల పెద్దలు. గంగాళానికి లోపల తగరం కళాయి పూసింది మా పెద్దలు. ఏటా పేట పుట్టినరోజున అందులో మజ్జిగ గంజి కాస్తారు. పూత లేని రాగికి పులుపు తగిలితే విషం. అందుకని కళాయి వేసినవాడే మొదటి గరిటె తాగాలి. అతను తాగాకే ఊరు తాగుతుంది. అయిదు తరాలుగా ఆ గరిటె మాది. మాకు పొలం లేదు, పెద్దింటి పేరు లేదు. ఏడాదికొక గరిటె ఉంది.

ఈసారి ఉత్సవ సంచికలో పేట చరిత్ర రాసే పని నాకిచ్చారు. ఊళ్లో చరిత్రలో ఎమ్మే చేసింది నేనొక్కదాన్నే. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషినీ నేనే. నలభై పేజీలు రాశాను. అందులో మూడు మా కళాయి గురించి. కమిటీ పెద్ద నరేంద్రబాబు గారు చదివి, చాలా బాగుందమ్మా అన్నారు. తర్వాత మెల్లగా, గంజి పోసిన చేతుల గురించి రాసేచోట గిన్నెలు బాగుచేసినవాళ్ల సంగతి ఎందుకన్నారు. ఉత్సవమయ్యాక వాళ్ల ముందుగదిలో పేట మ్యూజియం పెడతారట. అది చూసుకునే ఉద్యోగం నాకేనని కూడా అన్నారు. ఆయన ఒక్క మాట కూడా కొట్టేయలేదక్కా. పెన్ను నా చేతికిచ్చారు. నేనే కొట్టేశాను.

మొదటి గరిటె ఈసారి ముఖ్య అతిథికి. గంగాళం మా ఇంటికి రానేలేదు. ఫొటోల్లో మెరవాలని నెల్లూరు పంపి మిషను మీద పాలిష్ పట్టిస్తున్నారు. పోయినేడు నాయన వేసిన పూత ఉంటుందిలే అనుకున్నాను. గంగాళం ఇంకా రాలేదేమని ఆయన రోజూ అడుగుతుంటే, వస్తుందిలే అంటూ వచ్చాను.

నిన్న సంచిక అచ్చయి వచ్చింది. సాయంత్రం నాయన మసి చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మన మాట యాడుందో అది చదువు సుమయ్యా."

పుస్తకం నా వైపు తిప్పుకుని, కొట్టేసిన మూడు పేజీలూ గుర్తున్నంతవరకు చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక, ఎక్కడ చదివానో వేలు పెట్టి చూపించమన్నాడు. ఏదో ఒక పేరా చూపించాను. దాని మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

నేను చదువుకున్నది ఇందుకా అక్కా?

నీ
సుమయ్య


కాలవపేట,
ఫిబ్రవరి 26, 2027.

వినీలక్కా,

నీ జవాబు అందింది. నాయనకు నిజం చెప్పేయమన్నావు. ఇరవయ్యో తేదీ పొద్దున చెబుదామనే నిలబడ్డాను. ఆయన కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నోరు రాలేదు.

పందిట్లో గంజి కాగింది. ముఖ్య అతిథికి గరిటె అందించబోతుండగా నాయన లేచి వెళ్లి గంగాళం లోపలి అంచు మీద వేలు పెట్టి రుద్దాడు. గంజికి పైన తెల్లగా కనపడాల్సిన చోట ఎర్రగా ఉంది. పాలిష్ మిషను పూతంతా గీకేసింది. మౌలా గరిటె కోసం వచ్చినాడురా అని వెనక ఎవరో నాయనను చూసి నవ్వారు. నరేంద్రబాబు గారూ అదే అనుకున్నారు. పదిమందిలో గొడవెందుకని గరిటె నింపి నాయన చేతిలోనే పెట్టారు.

"సరేలేవయ్యా, నీ మర్యాద నీకే. తాగు."

ఏ గరిటె పోయిందన్న సంగతి దాచడానికి నేను అన్ని అబద్ధాలాడానో, అది ఆయన చేతిలో ఉంది. నాయన గరిటెలో గంజి తిరిగి గంగాళంలోనే పోశాడు.

"నేను తాగను బాబూ. లోపల పూత లేదు. పిలకాయలు ఉండారు, ఎవురికీ పోయొద్దు."

అంత పెద్ద షాపువాళ్లకు తెలియదా, నీకే తెలుసా అని కమిటీవాళ్లు కేకలేశారు. వరుసలో ముందున్న వెంకటశేషమ్మవ్వ తన గ్లాసు బోర్లించింది. "మౌలా తాగందే నేనెప్పుడన్నా తాగినానా? పదండే" అంటూ వెనకవాళ్లనీ మళ్లించింది. వరుస చెదిరిపోయింది. ముఖ్య అతిథి కారెక్కారు. గంజి కాలవ గట్టున గుంట తీసి పారబోశారు.

మర్నాటికి ఊరి మాట ఒకటే. గరిటె దక్కలేదని మౌలా నూట యాభై ఏళ్ల పండగ చెడగొట్టాడట. చేతికిచ్చినా తాగలేదు కదా అని ఒక్కరూ అనలేదు.

ఆ సాయంత్రం ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"తెలుసమ్మా. నువ్వు చదివిన రోజు పొద్దున్నే టీ అంగట్లో హజరత్తయ్య మొత్తం చదివి చెప్పినాడు. మన పేరు యాడా లేదు."

మరి నేను చదువుతుంటే ఎందుకు విన్నావు నాయనా అని అడిగాను.

"నువ్వన్నా లేదని చెప్తావేమోనని కూచున్నా."

మళ్లీ తనే అన్నాడు. "పుస్తకంలో పేరు లేకపోతే పోయింది. మనం పూసేది లోపల, సుమయ్యా. పైన మెరుపు పట్టించేది వాళ్లు. నువ్వు నాకు పైన పట్టించినావు."

మ్యూజియం ఉద్యోగం వద్దని రాసిచ్చాను. నా దగ్గరున్న సంచికల్లో ఆ మూడు పేజీలు చేత్తో రాసి అంటిస్తున్నాను. నాయన చూస్తాడు. కోపంగా కూడా లేడు. అన్నం వేళకు పిలుస్తాడు, తిన్నావా అంటాడు.

నిన్న మండలాఫీసు నుంచి ఆయన పేరు మీద ఏదో కాగితం వచ్చింది. నేను వాకిట్లోనే ఉన్నాను. నాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చదివించుకోవడానికి హజరత్తయ్య అంగడికి నడిచి వెళ్లాడు.

సుమయ్య