జోజప్ప మా ఇంట్లో దాక్కున్న రోజులు

ఫిబ్రవరి 9

రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఆరోగ్య కేంద్రంలో నర్స్ జసీరా ఈ నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, జుల్మీరక్కా, నిద్రమాత్రలు ఇంకోసారి అడగొద్దు, రోజూ రెండు లైన్లు రాయి, ఎవరికీ చూపించక్కర్లేదు అంది. ఎవరికి చూపిస్తాను, నా మొహం. ఇంట్లో ఉన్నది నేనూ, కుట్టుమిషనూ.

రెండు లైన్లు దాటిపోయాయి. చాలు.

ఫిబ్రవరి 10

వాన లేదు. తిండి సహించలేదు.

ఫిబ్రవరి 12

సరే, అసలు సంగతే రాస్తాను. మా ఆయన జెనివాల్ బావులు తవ్వేవాడు. పోయిన ఏడాది జనవరిలో మా పెరటి బావినే ఇంకా లోతు చేస్తుంటే మట్టి కూలి మీద పడింది. మూడు రోజులు తవ్వారు. ఆ మూడు రోజులూ నేను మోకాళ్ల మీదే ఉన్నాను. దేవుడా, కాలు తీసుకో, చెయ్యి తీసుకో, మనిషిని మాత్రం ప్రాణంతో ఇయ్యి అని అడిగాను. మూడో రోజు మధ్యాహ్నం పైకి తీశారు. పరామర్శకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, దేవుడి ఇష్టం అని. ఆ రోజు నుంచి దేవుడికీ నాకూ మాటల్లేవు.

కోపం తగ్గించుకుంటే నిద్ర పడుతుందంటుంది జసీరా. కోపమే కాదు తల్లీ. ఆ దేవుణ్ణి పిలవడానికి నోరు రాదు. పిలవకుండా బతకడమూ చేతకావడం లేదు. పొద్దున లేవడమే దండగ అనిపిస్తోంది. ఇదీ నా బతుకు.

ఫిబ్రవరి 16

నా ఆడబిడ్డ ఎస్పెదీత వచ్చింది. జెనివాల్ చెల్లెలు. ఉండేది పక్క వీధే, కానీ వచ్చిందంటే తుపానే. వదినా, ఒక ప్లాన్ ఉంది, అరవకుండా విను అంది. కితేరియా దొరసాని గారింట్లో జోజప్పని దొంగిలిద్దాం అంది.

యేసుని పెంచిన తండ్రి పునీత జోజప్ప. ఆ ముసలావిడ ఇంట్లో అరవై ఏళ్లుగా ఉన్నాడు, మూరెడు చెక్క బొమ్మ. ఆయన పండగ మార్చి పంతొమ్మిది. ఆ లోపల వాన పడకపోతే మాకు ఆ ఏడు పంట లేనట్టే. అందుకని కరువొచ్చినప్పుడు ఎవరింట్లోనో జోజప్పని ఎత్తుకొచ్చి దాచడం మా అమ్మ కాలం నుంచీ ఉంది. ఇంటి మీద బెంగతో ఆయనే వాన తెప్పిస్తాడట. వాన పడ్డాక కొవ్వొత్తులతో, పాటలతో ఊరేగించి తిరిగి ఇచ్చేస్తాం. పడకుండా ఇవ్వకూడదు. పోగొట్టుకున్నవాళ్లు వెతక్కూడదు, కానీ ఎంతైనా తిట్టుకోవచ్చు.

ఎత్తుకురావడం నేను చూసుకుంటా, నువ్వు దాచు చాలు అంది. నా ఇల్లే దొరికిందా అన్నాను. నువ్వు చర్చి గడప తొక్కి ఏడాది దాటింది, నిన్నెవరు అనుమానిస్తారు వదినా అంది. పైగా కిసుక్కున నవ్వింది. కుదరదు, లేచి పో అన్నాను.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం రెండున్నర

ముసలావిడ కునుకు తీసే టైమ్ చూసుకుని పని కానిచ్చేసింది మహాతల్లి. మొక్కజొన్న పిండి సంచిలో కూరి తెచ్చింది. మిషన్ మీద పెట్టి ఒకటే పరుగు. ఒక కాలికి చెప్పు కూడా లేదు. నేను తిట్టిన తిట్లు సందు చివరిదాకా వినపడే ఉంటాయి.

పిండి దులిపాను. ముద్దులు పెట్టి పెట్టి ముక్కు అరిగిపోయింది పాపం. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు.

పాపం అని ఎందుకన్నానో. గోడవైపు తిప్పి పెట్టాను.

ఫిబ్రవరి 18

ముందు గదిలోకి ఫిట్టింగ్‌కి ఆడవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. అక్కడ దాచలేను. మంచం కింద తేళ్లు. ఇక మిగిలింది బీరువాలో జెనివాల్ అర. పదమూడు నెలలుగా తెరవలేదు.

తెరిచాను. చొక్కాలు నేను మడతపెట్టినట్టే ఉన్నాయి. ఇంకా సబ్బు వాసనే. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, చొక్కాలు ఒక పక్కకి జరిపి జోజప్పని లోపల పెట్టాను. అంతా నీ వల్లే అని తలుపు ధడాలున వేశాను.

ఫిబ్రవరి 21

రోజుకోసారి తలుపు తీసి తిడుతున్నాను. వడ్రంగివి కదయ్యా, ఆ బావికి నాలుగు చెక్కలు అడ్డం పెట్టలేకపోయావా అన్నాను. కొడుకుతో ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తిట్టాక మాత్రం బీన్స్ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఫిబ్రవరి 25

నీళ్ల ట్యాంకర్ వచ్చింది. బిందెల లైన్లో కితేరియా దొరసాని గారు చేతికర్ర నేలకేసి కొడుతూ శాపనార్థాలు. నా జోజప్పని ఎత్తుకుపోయినవాళ్ల చేతులు పడిపోను, నడుం పట్టెయ్యను, పెట్టిన పొయ్యి మండకుండా పోను అని. లైనంతా నవ్వులే. ఎస్పెదీత అందరికంటే గట్టిగా, అయ్యో ఎవరమ్మా ఆ పాపిష్టివాళ్లు అంది. దీన్ని నమ్మకూడదు.

ముసలావిడ నా పక్కకి వచ్చి నిలబడింది. పండగకి గౌను అంచు కుట్టాలే జుల్మీరా అంది. తర్వాత ఎవరితోనో అన్నట్టు, ఎత్తుకుపోయినవాళ్లెవరో గానీ ఆయన నుంచి జవాబులు ఆశిస్తే తప్పు వాళ్లదే అంది. బైబిల్ మొత్తం వెతుకు, జోజప్ప మాట్లాడిన మాట ఒక్కటి చూపించు. మొగుడు పోయినప్పుడూ, ఇద్దరు పిల్లలు పోయినప్పుడూ మాట్లాడింది నేనే, ఆయన నా మాటకి ఒక్కసారీ అడ్డు రాలేదు అంది.

నేను బిందె వైపే చూస్తూ నిలబడ్డాను.

మార్చి 1

చిన్నప్పటి ప్రార్థన మొదలుపెట్టి చూశాను. పరలోకంలో ఉన్న తండ్రీ అన్నదాకా బాగానే వచ్చింది. నీ ఇష్టమే జరగనీ అనే చోటికి వచ్చేసరికి ఆ మాట అనలేకపోయాను. బీరువా తలుపు వేసేశాను.

మార్చి 4

ఎస్పెదీత చూసిపోవడానికి వచ్చింది. కొవ్వొత్తన్నా వెలిగిస్తున్నావా వదినా అంది. రోజూ తిడుతున్నాను అన్నాను. అదీ ప్రార్థనేలే అంది. ప్రతిదానికీ ఆ ముద్ర వెయ్యకు, తిట్టు తిట్టే అన్నాను. సరే, అయితే వాన పడేలా తిట్టు అంది.

మార్చి 8

ఇది జసీరాకి చెప్పలేదు. ఫాదర్‌కి చెప్పలేదు. ఈ నోట్‌బుక్‌లో కూడా ఇన్నాళ్లూ దాచాను.

ఆ రోజు పొద్దున జెనివాల్ బావిలోకి దిగనన్నాడు. గోడ మట్టి రాలుతోంది, చెక్కలు తెచ్చి రేపు దిగుతాను అన్నాడు. నేనే ఊరుకోలేదు. బిందెలో చుక్క నీళ్లు లేవు, రేపు రేపు అంటూ ఎన్నాళ్లు, నీకన్నా ట్యాంకర్ డ్రైవర్ నయం అన్నాను. నవ్వి, నీ నోటికి భయపడే దిగుతున్నానే అని తాడు పట్టుకున్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే.

దేవుడి మీద కోపం అని ఏడాదిగా చెప్పుకు తిరుగుతున్నాను. ఆ దేవుడి ముందుకి ఏ మొహం పెట్టుకుని పోను? అందుకని నేనే మాటలు మానేశాను. అలిగింది నేను కాదు, దాక్కుంది నేను.

ఈ మధ్యాహ్నం వీధి తలుపు వేసి, బీరువా తెరిచి, నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా పైకే చెప్పాను. జోజప్ప విన్నాడు. దేవుడి ఇష్టం అనలేదు. నీ తప్పేం లేదులే అనలేదు. నీదే తప్పు అని కూడా అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం ఇంత హాయిగా ఉంటుందా!

ఆ నేల మీదే నిద్రపోయాను. మాత్ర లేకుండా. లేచేసరికి సాయంత్రం నాలుగు.

మార్చి 10

ఎస్పెదీత కాఫీకి వచ్చింది. పోయింది దాని అన్న. జోజప్పతో చెప్పి దానికి చెప్పకపోతే అదేం చెప్పడం? చెప్పేశాను.

గ్లాసు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. లేచి వెళ్లిపోయింది. ఆ మనిషి ఒక్క మాట కూడా అనకుండా వెళ్లడం ఇదే మొదలు.

మార్చి 11

రాలేదు.

మార్చి 12

రాలేదు. వానా రాలేదు.

మార్చి 14

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

ఎస్పెదీత ఇక రాదేమో. ఆకాశంలో మబ్బు తునక లేదు. ముందు గదిలోని మిషన్ని బీరువా ఎదురుగా లాక్కుని, తలుపులు బార్లా తెరిచి, దొరసాని గారి గౌను అంచు కుడుతున్నాను. ఎవరన్నా చూస్తే చూడనీ అనుకున్నాను. ప్రార్థన లేదు, తిట్టు లేదు. నోట్లో మాటే లేదు. ఉన్నట్టుండి గదిలో నేనొక్కదాన్నే లేనని తెలిసింది.

జోజప్ప కాదు. జోజప్ప చెక్క, నాకు తెలుసు, మతి పోలేదు. దేవుడు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అబద్ధం రాయలేను. వెలుగూ రాలేదు, గొంతూ వినపడలేదు. నేను కుట్టుకుంటుంటే జెనివాల్ వెనక కూర్చుని తాళ్లు పేనుకుంటూ ఉండేవాడు, గంటలకి గంటలు ఇద్దరం పలకరించుకునేవాళ్లమే కాదు. అలా ఉంది. జెనివాల్‌ని బావిలోకి ఎవరు పంపారో దేవుడికి మొదటి నుంచీ తెలుసు. తెలిసే వచ్చి కూర్చున్నాడు.

కడుపు నిండిన మనిషిలా అయిపోయాను. కష్టం ఒక్కటీ తీరలేదు. అయినా చాలు అనిపించింది. ఇంకేం వద్దు, ఇది చాలు అనిపించింది. దారం అయిపోయిన సంగతి కూడా చూసుకోకుండా ఉత్త సూదితో బారెడు కుట్టేశాను.

మార్చి 16

ప్రార్థన చివరిదాకా అయింది. ఆ రోజు ఆగిపోయిన చోటే ఆగి, నీ ఇష్టం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, కానీ నువ్వు నా పక్కన ఉన్నావు కాబట్టి అంటున్నాను అని చెప్పి, ఆ మాట అన్నాను.

మార్చి 19, పండగ

తెల్లటి ఆకాశం. చుక్క పడలేదు.

చర్చికి వెళ్లాను. నన్ను చూసి గంట కొట్టేవాడు తాడు వదిలేశాడు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. సీసాల్లో దాచిన విత్తనాలు ఇక వండుకుని తినడమే అంటున్నారు. ఎస్పెదీత రెండు బెంచీల ముందు కూర్చుంది, వెనక్కి తిరగలేదు. నాకూ ఏడుపొచ్చింది. కానీ అది ఎవరూ లేని ఏడుపు కాదు. ఆ తేడా నాకే తెలుసు.

సాయంత్రం నాలుగింటికి ఎస్పెదీత వచ్చి గుమ్మంలో నిలబడింది. తొమ్మిది రోజులు నిద్ర లేకుండా చేశావు నన్ను అంది. చెప్పు అన్నాను. మా అన్న పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటన్నా విన్నాడా అంది. మా అమ్మ పెళ్లి మంగళవారం అంటే బుధవారం చేసుకున్న మనిషి. నువ్వు దిగమంటే దిగాడా? వాడికి బుద్ధి పుట్టి దిగాడు. అంతా నువ్వే చేశావని గొప్పలు పోకు అంది. అని, గుమ్మం పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. నీ మీద కోపం పోలేదు వదినా, ఆ మాట అనకుండా ఉండాల్సింది అంది. అవును, అనకుండా ఉండాల్సింది అన్నాను.

కాఫీ పెట్టు, బెల్లం ఎక్కువెయ్యి అంది.

మార్చి 22

ఎల్లుండి వాన ఉండొచ్చని ఫోర్టలేజా పట్నం నుంచి రేడియోలో చెప్పారు. వీధంతా కేకలు.

సిగ్గు లేకుండా రాస్తున్నాను. ఊళ్లో వాన వద్దనుకునే ముండని నేనొక్కదాన్నే. వాన పడితే జోజప్ప వెళ్లిపోతాడు. వెనకే దేవుడూ వెళ్లిపోతే? మళ్లీ మిషనూ నేనేనా?

మార్చి 24

పడింది. పండగ దాటి ఐదు రోజులకి. రేకుల మీద ఒకటే మోత. ఎస్పెదీత వీధిలో గెంతులేస్తోంది, యాభై ఏళ్ల మనిషి.

మార్చి 26

ఊరేగింపు. బురదలోనే నడిచాం. జోజప్పని నేనే పట్టుకోవాలంది ఎస్పెదీత. మా పెరటి వైపు నుంచి, పూడ్చేసిన బావి పక్కగా వెళ్లాలి. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. పాట పాడేవాళ్లు ఆపలేదు, నన్ను తోయనూ లేదు, నిలబడే పాడుతూ ఉన్నారు. నా అంతట నేనే కదిలాను.

కితేరియా దొరసాని గారు గుమ్మంలోనే కూర్చుని, ఓహో దొంగలు దొరికారా అంది. ఎస్పెదీత చేతిలో ఒక చెప్పు పెట్టింది. మొదటి రోజే మా మంచం దగ్గర వదిలేసి పోయావే పిచ్చిదానా అంది. ఇంక నవ్వులు ఎక్కడ ఆగుతాయి. నేను వంగి జోజప్పని ఆవిడ ఒళ్లో పెడుతుంటే నా చెవిలో, ఏమన్నా మాట్లాడాడా అంది. లేదమ్మా అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మార్చి 27

అర ఖాళీ. భయపడుతూనే, దేవుడా, ఉన్నావా అన్నాను. చప్పుడు లేదు. మిషన్ ముందు కూర్చున్నాను.

పొద్దుటి నుంచి ఇద్దరమే కుడుతున్నాం.