సిరి గ్రూపులో ఫస్ట్

అత్తమ్మకు నమస్కారాలు.

ఫోన్‌లో నా మాట నీకు సగమే వినపడుతోంది కదా, అందుకే రాస్తున్నాను. ఫుట్‌బాల్ జట్టు శిబిరంలో బాగానే ఉన్నాను. ఆసియా కప్‌కు వెళ్ళాలంటే ముందు క్వాలిఫై కావాలి. డ్రా తీశారు. గ్రూపులో ఫస్ట్ వస్తేనే చోటు. భయంగా ఉంది.

నీ సిరి

---

బిడ్డా సిరీ, సల్లగుండు.

నీ ఉత్తరం సదివి కుట్టుమిషన్ మీదనే ఏడ్చిన. గ్రూప్-1 రాస్తున్నవా, గ్రూప్-2నా? స్పోర్ట్స్ కోటనే గదా? హబ్సిగూడ పోయి బుక్కులు కొన్న, పంపుతున్న. బంతి జర పక్కకు పెట్టి సదువు.

నీ మేనత్త తారామణి, నాచారం

తా.క.: లక్కీ డ్రాల ప్లాటు ఘట్‌కేసర్ దిక్కు వచ్చిందా? మీ మామకు చెప్పలే. వాకిలి ఏ దిక్కుకు పెట్టాలని ఇప్పట్నుంచే కొట్లాడుతడు.

---

అత్తమ్మా,

పుస్తకాలు ముట్టాయి. మా గోల్‌కీపర్ వాటిని ఎత్తి దించుతూ వ్యాయామం చేస్తోంది.

గ్రూపంటే పరీక్ష కాదు. మా గ్రూపులో ఐదు దేశాలు. ఏ దేశం ఏ గ్రూపో చీటీలు తీస్తారు, అదే డ్రా. ప్రతి జట్టూ మిగతా నాలుగింటితో ఒక్కోసారి ఆడుతుంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. పైన నిలిచిన ఒక్క జట్టే కప్‌కు పోతుంది. ఆతిథ్య దేశమూ, పోయినసారి మొదటి మూడు స్థానాల్లో నిలిచిన దేశాలూ మాత్రం నేరుగా వెళ్తాయి.

పైనెల విమానం. నిన్న ప్రాక్టీసులో ఖాళీ గోల్ ముందు బంతిని బయటికి కొట్టాను. నన్ను ఆడిస్తారో లేదో.

సిరి

తా.క.: ప్లాటు లేదు.

---

బిడ్డా,

నేరుగ పోయెటోళ్ళు ఎవల మనుషులు? పోయినసారి మంచిగ ఆడిన్రంటే సరే, సిఫారసైతే నాకు చెప్పు.

బంతి బయటికి పోతే ఏమైతది? నేను కుట్టిన తొలి జేబు తలకిందులైంది. అందరు నవ్విన్రు. విప్పి మల్ల కుట్టిన. గంతే. ఫికర్ జెయ్యకు.

నీ అత్త

తా.క.: ప్లాటు లేదని మీ మామకు చెప్పిన. వాకిలి గురించి ఇంకా కొట్లాడుతనే ఉన్నడు.

---

అత్తమ్మా, క్వాలిఫై అయ్యాం!

మూడు గెలిచాం. మాలాగే మూడూ గెలిచిన జట్టుతో చివరి మ్యాచ్. రెండో సగంలో నన్ను మైదానంలోకి దించారు. గోల్ ముందు బంతి నా కాలికి వచ్చింది. నీ జేబు గుర్తొచ్చింది. తొందరపడకుండా పక్కనున్న సీనియర్ అక్కకు అందించాను. ఆమె గోల్ కొట్టింది. పేరు ఆమెదే పడింది. ఏం పర్లేదు.

సిరి

---

నా బంగారు సిరికి,

పేరు ఎవలదైతేంది? బంతి ఎవలిచ్చిన్రో మేం సూసినం. మా కుట్టు కంపెనీల మిషన్లన్ని బందు పెట్టి ఒక్క ఫోన్ సుట్టు కూసున్నం. గోల్ కాంగనే సూపర్‌వైజర్ పద్మశ్రీ మేడం నన్ను ఎత్తుకున్నది. ఇద్దరం కింద పడ్డం.

ఇగ అసలు ముచ్చట. ఉప్పల్, నాచారం కుట్టు కంపెనీల ఆడోళ్ళం ఐదు జట్లు కట్టినం. చీటీలు నేనే తీసిన. నన్ను గోల్ల నిలబెట్టిన్రు. ఒక బంతి చేతుల్తోని ఆపిన, ఇంకోటి చీరల ఇరుక్కున్నది. రెండు ఆపినట్టే లెక్క. గ్రూపుల ఫస్ట్ వచ్చినం!

నీ అత్త, గోల్‌కీపర్

తా.క.: క్వాలిఫై అయినంక ఎక్కడికి పోవాలె? అందరు సద్దులు కట్టుకోని కూసున్నరు. జల్ది రాయి.